లినక్స్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ పంపిణీ: మధ్యవర్తిత్వ చరిత్ర (1991–2024)

వ్యాస సంగ్రహం

లినక్స్ మీద నడిచే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను రచయిత నుంచి వినియోగదారుకు చేర్చే పద్ధతి గత మూడు దశాబ్దాల్లో అనేక మార్పులకు లోనైంది. ఈ మార్పులను సాధారణంగా సాంకేతిక ప్రగతిగానే వివరించడం కనిపిస్తుంది. రచయితకూ వినియోగదారుకూ మధ్య నిలిచి, సాఫ్ట్‌వేర్‌ను సరిచూసి, ప్యాకేజీగా కూర్చే మధ్యవర్తి పాత్ర ఎలా ఏర్పడింది, ఎందుకు ప్రశ్నకు గురైంది, క్రమంగా ఎవరి చేతికి మారింది అనే కోణంలో ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తొలి పంపిణీ సంపుటులు, డెబియన్, ఆర్.పి.ఎమ్. ప్యాకేజీ వ్యవస్థలు, లినక్స్ స్టాండర్డ్ బేస్, ఆటోప్యాకేజ్, యాప్‌ఇమేజ్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ ఇందులో చర్చకు వస్తాయి. మధ్యవర్తిని దాటిపోవడానికి జరిగిన ప్రయత్నాలు ఆ బాధ్యతను మరొకరికి బదిలీ చేశాయే తప్ప రద్దు చేయలేకపోయాయని ఈ పరిశీలనలో తేలుతుంది.

కీలక పదాలు: లినక్స్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, పంపిణీ సంపుటి, ప్యాకేజీ, డెబియన్, యాప్‌ఇమేజ్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్.

1. ఉపోద్ఘాతం

విండోస్ వాడే వ్యక్తికి కొత్త సాఫ్ట్‌వేర్ కావలసి వస్తే, దాన్ని తయారుచేసిన సంస్థ ఇచ్చే ఫైలును దింపుకొని కంప్యూటర్‌లో స్థాపించుకోవడం చిరకాలంగా ఉన్న అలవాటు. లినక్స్‌లో ఆ మార్గం వేరు. ఇక్కడ రచయిత తన కృతిని మూలరూపంలో, అంటే మనిషి చదవగలిగే సోర్స్ కోడ్ రూపంలో, విడుదల చేస్తాడు. దాన్ని యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చి, వినియోగదారుకు అందించే పని మరొకరిది. కెర్నల్‌తో పాటు వేలాది సాఫ్ట్‌వేర్లను ఒకచోట కూర్చి అందించే ఇటువంటి సముదాయాన్ని ‘డిస్ట్రిబ్యూషన్’ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘పంపిణీ సంపుటి’ అనే పదం వాడడం జరిగింది. డెబియన్, ఫెడోరా, ఉబుంటు, స్లాక్‌వేర్ ఇటువంటి సంపుటులే.

ఈ వ్యవస్థలో ప్యాకేజీ నిర్వాహకుని స్థానాన్ని గ్రంథ పరిష్కర్త స్థానంతో పోల్చవచ్చు. కవి రాసిన కావ్యం పాఠకునికి నేరుగా చేరదు. ప్రతులను సరిచూసి, దోషాలను దిద్ది, ముద్రణకు అనువుగా సిద్ధం చేసే పరిష్కర్త మధ్యలో ఉంటాడు. అతని శ్రద్ధ వల్ల పాఠం నిలుస్తుంది. అతని పొరపాటు వల్ల పాఠం చెడే ప్రమాదమూ ఉంది. ఒకే కావ్యానికి పలువురు పరిష్కర్తలు పలు పాఠాలను ఇచ్చినట్టే, ఒకే సాఫ్ట్‌వేర్‌ను ప్రతి పంపిణీ సంపుటీ తన పద్ధతిలో, తన కాలానుగుణంగా, కొన్నిసార్లు తన సవరణలతో అందిస్తుంది. లినక్స్ డెస్క్‌టాప్ ఎదుర్కొన్న పంపిణీ సమస్యలకు మూలం ఈ ఏర్పాటులోనే ఉంది. దాని బలానికి మూలమూ అదే.

2. ఫ్లాపీల కాలం: మధ్యవర్తి అవతరణ

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నట్టు 1991 ఆగస్టు 25న ప్రకటించారు. సెప్టెంబరులో 0.01 రూపం వెలువడింది. అయితే ఆయన రాసింది కెర్నల్ మాత్రమే. కంపైలర్, షెల్ వంటి ఇతర పరికరాల్లో అధికభాగం, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చాయి. ఈ విడి భాగాలను సేకరించి, ఒకదానికొకటి పొసిగేలా అమర్చుకోవడం తొలినాళ్లలో వినియోగదారుని పనే అయింది.

1992లో లినక్స్ కెర్నల్ గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్ కిందికి మారింది. అంతకుముందున్న నిబంధనలు డబ్బు తీసుకొని పంచడాన్ని అనుమతించలేదు. కొత్త లైసెన్స్ ప్రకారం ఎవరైనా దాన్ని నకలు చేయవచ్చు, సవరించవచ్చు, అమ్మవచ్చు. మూలరూపాన్ని కూడా అందుబాటులో ఉంచడమే ప్రధాన షరతు. పంపిణీ సంపుటుల ఆవిర్భావానికి ఈ న్యాయపరమైన అనుమతి పునాది అయింది.

ఆ ఏడాదే మాంచెస్టర్ కంప్యూటింగ్ సెంటర్ నుంచి ఎమ్.సి.సి. ఇంటరిమ్ లినక్స్, పీటర్ మెక్‌డొనాల్డ్ నుంచి సాఫ్ట్‌ల్యాండింగ్ లినక్స్ సిస్టమ్ వచ్చాయి. రెండవది ఎక్స్ విండో వ్యవస్థను కూడా చేర్చుకొని ఆదరణ పొందింది. కాని దానిలో దోషాలు ఎక్కువ. వాటిని దిద్దే క్రమంలోనే పాట్రిక్ వోల్కర్‌డింగ్ 1993 జులైలో స్లాక్‌వేర్‌ను విడుదల చేశారు. అదే అసంతృప్తితో, పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో డెబియన్‌ను ప్రకటించారు. దోషాలతో నిండిన సంపుటులను అమ్ముకునే ధోరణిని విమర్శిస్తూ, సంపుటిని కూర్చడం శ్రద్ధతో చేయవలసిన స్వతంత్ర కార్యమని ఆయన తన ప్రణాళికా పత్రంలో వాదించారు. మధ్యవర్తి పని కేవలం నకళ్లు తీసి పంచడం కాదు, నాణ్యతకు పూచీ పడడం అనే భావన ఇక్కడ స్పష్టమైన రూపం తీసుకుంది.

3. ప్యాకేజీ: ఒక ఒప్పంద పత్రం

తొలి స్లాక్‌వేర్ ప్యాకేజీలు కుదించిన ఫైళ్ల కట్టలు. ఒక ప్యాకేజీ నడవడానికి మరేవి అవసరమో అందులో రాసి ఉండేది కాదు. ఈ లోటును డెబియన్ రూపొందించిన డి.పి.కె.జి., రెడ్ హ్యాట్ సంస్థలో మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్ 1995 ప్రాంతంలో రూపొందించిన ఆర్.పి.ఎమ్. తీర్చాయి. ఈ పద్ధతుల్లో ప్యాకేజీ అంటే ఫైళ్లు మాత్రమే కాదు. దాని పేరు, వెర్షన్, దానికి అవసరమైన ఇతర ప్యాకేజీలు, దానితో పొసగని ప్యాకేజీలు, స్థాపనకు ముందూ వెనుకా జరగవలసిన పనులు, అన్నీ అందులో నమోదై ఉంటాయి.

ఈ నమోదు ఎందుకు కీలకమైందో తెలియాలంటే ‘ఉమ్మడి లైబ్రరీ’ల సంగతి గమనించాలి. చిత్రాలను చూపడం, ఫైళ్లను కుదించడం, అక్షరాలను అమర్చడం వంటి పనులు అనేక అనువర్తనాలకు అవసరం. ప్రతి అనువర్తనమూ ఆ కోడ్‌ను విడివిడిగా మోసుకుతిరగకుండా, వ్యవస్థలో ఒకే ప్రతిని ఉంచి అన్నీ దాన్నే వాడుకోవడం యునిక్స్ సంప్రదాయంలో స్థిరపడిన పద్ధతి. ఇందువల్ల స్థలం కలిసివస్తుంది. ఒకచోట దోషం దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టవుతుంది. కాని ఆ లైబ్రరీ మారితే దాని మీద ఆధారపడినవన్నీ కదిలిపోతాయి.

ఒక ప్యాకేజీకి మరొకటి, దానికి ఇంకొకటి అవసరమవుతూ సాగే గొలుసును వినియోగదారే విప్పుకోవలసి వచ్చిన కాలంలో, ఆ అవస్థకు ‘ఆధారాల నరకం’ అనే అర్థమిచ్చే పేరు స్థిరపడింది. 1999 మార్చిలో విడుదలైన డెబియన్ 2.1తో పాటు వచ్చిన ఆప్ట్ అనే ఉపకరణం ఈ గొలుసును స్వయంగా లెక్కగట్టి, కావలసిన ప్యాకేజీలన్నిటినీ భాండాగారం నుంచి తెచ్చి స్థాపించగలిగింది. ఆర్.పి.ఎమ్. కుటుంబంలో యమ్ వంటి ఉపకరణాలు అదే పని చేశాయి.

ఇంత సజావుగా పని జరగడానికి కారణం ఉపకరణం ఒక్కటే కాదు. భాండాగారంలోని ప్యాకేజీలన్నీ ఒకే నియమావళికి లోబడి, ఒకే లైబ్రరీల మీద తయారై, పరస్పరం పరీక్షకు నిలిచినవి కావడం అసలు కారణం. డెబియన్ 1997లో ఆమోదించిన సామాజిక ఒప్పందం, దాని విధాన పత్రం ఈ క్రమశిక్షణకు లిఖిత రూపాలు. అందుచేత ప్యాకేజీని ఒక సంపుటి లోపలి సభ్యుల మధ్య కుదిరిన ఒప్పంద పత్రంగా భావించవచ్చు. ఆ సంపుటి సరిహద్దు దాటితే ఒప్పందం చెల్లదు. డెబియన్ ప్యాకేజీ రెడ్ హ్యాట్‌లో చెల్లకపోవడానికి ఫైలు రూపం వేరు కావడం చిన్న కారణం. ఒప్పందం వేరు కావడం పెద్ద కారణం.

4. డెస్క్‌టాప్ అనువర్తనాల ప్రత్యేక సమస్య

సర్వర్ నిర్వాహకులకు స్థిరత్వం ప్రధానం. రెండు మూడేళ్ల పాటు ఒకే వెర్షన్ కొనసాగినా వారికి పెద్ద ఇబ్బంది లేదు. డెస్క్‌టాప్ వినియోగదారుని అవసరం వేరు. అతనికి వ్యవస్థ స్థిరంగా ఉండాలి, బ్రౌజరూ చిత్ర సంపాదకమూ కొత్తవి కావాలి. ఒకే ఒప్పందంలో వ్యవస్థనూ అనువర్తనాన్నీ కలిపి బంధించిన పద్ధతికి ఈ రెండు కోరికలను ఏకకాలంలో తీర్చడం కష్టమైంది. డెబియన్ 3.0 వెర్షన్ 2002 జులైలోనూ, 3.1 వెర్షన్ 2005 జూన్‌లోనూ వెలువడ్డాయి. దాదాపు మూడేళ్ల ఆ వ్యవధిలో స్థిర సంపుటిని నమ్ముకున్న వినియోగదారుకు డెస్క్‌టాప్ అనువర్తనాలు భద్రతా సవరణలను మినహాయిస్తే పాతవిగానే మిగిలాయి.

1996లో మొదలైన కె.డి.ఇ., 1997లో మొదలైన గ్నోమ్ డెస్క్‌టాప్‌కు నిండైన రూపాన్నిచ్చాయి. అయితే వాటితో పాటు పెద్ద లైబ్రరీల సమూహాలు కూడా వచ్చాయి. అదే కాలంలో పునాదులు కూడా కదిలాయి. ప్రతి ప్రోగ్రాముకూ అవసరమైన సి లైబ్రరీ ఐదవ రూపం నుంచి గ్లిబ్‌సి 2కు మారింది. ఈ మార్పు రెడ్ హ్యాట్ 5.0లో 1997 డిసెంబరులోనూ, డెబియన్ 2.0లో 1998 జులైలోనూ జరిగింది. ఒకదాని మీద తయారైన ప్రోగ్రాము రెండవదాని మీద అనుకూలతా లైబ్రరీలు లేకుండా నడవదు. 2000లో వచ్చిన రెడ్ హ్యాట్ 7.0, అధికారికంగా విడుదల కాని జి.సి.సి. కంపైలర్ రూపాన్ని వాడడంతో, అందులో తయారైన సి ప్లస్ ప్లస్ ప్రోగ్రాములకూ ఇతర సంపుటుల్లో తయారైన వాటికీ పొంతన కుదరలేదు.

మూలరూపం చేతిలో ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఇటువంటి మార్పులు భరించదగినవే. కొత్త లైబ్రరీ మీద మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది. మూలరూపం ఇవ్వని వాణిజ్య సంస్థలకు ఆ వెసులుబాటు లేదు. 1998లో మొదలై, ప్రసిద్ధ కంప్యూటర్ ఆటలను లినక్స్‌కు తెచ్చిన లోకీ సాఫ్ట్‌వేర్ తన ఆటలు వేర్వేరు సంపుటుల్లో నడవడం కోసం సొంత స్థాపక ఉపకరణాన్ని తయారుచేసుకోవలసి వచ్చింది. 2002 జనవరిలో ఆ సంస్థ మూతపడింది. దాని పతనానికి వ్యాపార కారణాలు ఉన్నాయి. అయినా మధ్యవర్తి అంగీకారం లేకుండా లినక్స్ వినియోగదారును చేరడానికి ఎంత అదనపు శ్రమ అవసరమో ఆ సంస్థ అనుభవం చూపుతుంది.

5. ఉమ్మడి ప్రమాణం కోసం ప్రయత్నం

అన్ని సంపుటులకూ ఒకే కనీస పునాదిని నిర్ణయిస్తే, రచయిత ఒక్కసారి తయారుచేసిన ప్రోగ్రాము అన్నిటా నడుస్తుందనే ఆశతో లినక్స్ స్టాండర్డ్ బేస్ రూపొందింది. దాని 1.0 పాఠం 2001లో వెలువడింది. తరువాత అంతర్జాతీయ ప్రమాణంగానూ గుర్తింపు పొందింది. ఏ లైబ్రరీలు ఉండాలి, ఏ ఫైళ్లు ఎక్కడ ఉండాలి అనే విషయాలను అది నిర్ణయించింది. ప్యాకేజీ రూపంగా ఆర్.పి.ఎమ్.ను స్వీకరించింది.

ఈ ప్రయత్నం డెస్క్‌టాప్ సమస్యను తీర్చలేకపోవడానికి కారణాలు దాని స్వభావంలోనే ఉన్నాయి. ప్రమాణం నెమ్మదిగా మారుతుంది. డెస్క్‌టాప్ లైబ్రరీలు వేగంగా మారుతాయి. ప్రమాణంలో చేరే నాటికి లైబ్రరీ పాతబడుతుంది. చేరకపోతే రచయితకు ప్రమాణం ఉపయోగపడదు. ప్యాకేజీ రూపం విషయంలోనూ డెబియన్ కుటుంబం తన పద్ధతిని విడిచిపెట్టలేదు, విడిచిపెట్టవలసిన అవసరమూ దానికి కనిపించలేదు. 2015లో డెబియన్ ఈ ప్రమాణానికి సంబంధించిన అనుకూలతా ప్యాకేజీల్లో అధికభాగాన్ని ఉపసంహరించుకుంది. ప్రమాణాన్ని కోరినవారు బయటి రచయితలు, అమలు చేయవలసినవారు పంపిణీదారులు. అమలు చేసేవారికి దానివల్ల ఒరిగేది తక్కువ కావడంతో ఒప్పందం నిలవలేదు.

6. మధ్యవర్తిని దాటే మార్గాలు

ప్రమాణంతో నిమిత్తం లేకుండా సంపుటి సరిహద్దును దాటే ఉపాయాలను మరికొందరు వెదికారు. మైక్ హర్న్ 2002లో ప్రారంభించిన ఆటోప్యాకేజ్, రచయిత తయారుచేసిన ఒకే ఫైలు ఏ సంపుటిలోనైనా స్థాపన కావాలనే లక్ష్యంతో పనిచేసింది. సంపుటి సొంత ప్యాకేజీ నిర్వాహక వ్యవస్థకు తెలియకుండా ఫైళ్లను వ్యవస్థలో చేర్చడం ప్రమాదమని పంపిణీదారులు అభ్యంతరం చెప్పారు. అది విస్తృత వాడుకలోకి రాలేదు. 2010లో లిస్టాలర్ అనే మరో ప్రాజెక్టులో కలిసిపోయింది.

సైమన్ పీటర్ 2004లో తెచ్చిన క్లిక్ మరింత సరళమైన దారి పట్టింది. అనువర్తనాన్నీ దానికి కావలసిన లైబ్రరీలనూ ఒకే ఫైలులో మూటగడితే స్థాపన అనే ప్రక్రియే అక్కరలేదు. ఆ ఫైలును నడిపితే చాలు. ఈ ఆలోచన అనంతర కాలంలో యాప్‌ఇమేజ్‌గా పరిణతి పొందింది. అయితే మూటలో అన్నిటినీ పెట్టడం కుదరదు. సి లైబ్రరీ, గ్రాఫిక్స్ డ్రైవర్లు వంటివి వ్యవస్థ నుంచే రావాలి. కొత్త గ్లిబ్‌సి మీద తయారైన ప్రోగ్రాము పాతదాని మీద నడవకపోవచ్చు. అందువల్ల యాప్‌ఇమేజ్‌ను తయారుచేసేవారు తాము ఆదరించదలచిన సంపుటుల్లో అన్నిటికన్నా పాతదాని మీద దాన్ని నిర్మించడం ఆచారమైంది. సరిహద్దును దాటినా, దాని నీడ తప్పలేదు.

7. సబ్‌సర్ఫేస్ ఉదంతం

ఈ సమస్య తీవ్రతను అందరి దృష్టికీ తెచ్చిన సందర్భం 2014 ఆగస్టులో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన డెబియన్ సమావేశం. లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ ఈతగాళ్లు సముద్రగర్భంలో చేసే డైవ్‌ల వివరాలను నమోదు చేసుకునే సబ్‌సర్ఫేస్ అనే డెస్క్‌టాప్ అనువర్తనాన్ని 2011లో ప్రారంభించారు. ఆ సమావేశంలో జరిగిన ప్రశ్నోత్తరాల్లో ఆయన, తమ బృందం విండోస్‌కూ మ్యాక్‌కూ నడపడానికి సిద్ధమైన రూపాలను తయారుచేస్తున్నా, లినక్స్‌కు మాత్రం తయారుచేయడం లేదని వెల్లడించారు. ప్రతి సంపుటికీ, దాని ప్రతి వెర్షన్‌కూ విడివిడిగా నిర్మించవలసి రావడం, ఇంకా స్థిరపడని చిన్న లైబ్రరీలను కూడా ఉమ్మడిగానే వాడాలనే నియమాలు అందుకు కారణాలుగా చెప్పారు.

ఈ విమర్శకు ప్రాముఖ్యం దాన్ని చేసిన వ్యక్తి వల్లనే రాలేదు. కెర్నల్ అభివృద్ధిలో వినియోగదారు ప్రోగ్రాములను విరగ్గొట్టకూడదనేది టోర్వాల్డ్స్ పట్టుబట్టి నిలిపిన నియమం. ఆ నియమం కెర్నల్ సరిహద్దు దగ్గరే ఆగిపోయిందని, దాని పైనున్న లైబ్రరీల అంతస్తులో ఎవరూ అటువంటి హామీ ఇవ్వలేదని ఈ ఉదంతం చూపింది. అనంతర కాలంలో సబ్‌సర్ఫేస్ బృందం యాప్‌ఇమేజ్ రూపాన్ని స్వీకరించింది. లినక్స్‌ను సృష్టించిన వ్యక్తి ప్రారంభించిన అనువర్తనమే లినక్స్ వినియోగదారును చేరడానికి సంపుటుల వెలుపలి మార్గాన్ని ఆశ్రయించింది.

8. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్: మధ్యవర్తి స్థానమార్పు

2016లో రెండు కొత్త పద్ధతులు డెస్క్‌టాప్ రంగంలో ప్రముఖంగా ముందుకు వచ్చాయి. ఉబుంటును నిర్వహించే కెనానికల్ సంస్థ రూపొందించిన స్నాప్ ఒకటి. అలెగ్జాండర్ లార్సన్ మొదట ఎక్స్.డి.జి.-యాప్ పేరుతో రూపొందించి, ఆ ఏడాది మేలో ఫ్లాట్‌ప్యాక్‌గా పేరు మార్చుకున్నది రెండవది. వ్యవస్థనూ అనువర్తనాన్నీ వేరుచేయడం, అనువర్తనానికి కావలసిన పరిసరాన్ని దానితోనే అందించడం, దాని చుట్టూ భద్రతా కంచె కట్టడం ఈ రెండిటి ఉమ్మడి ఆశయాలు. ఫ్లాట్‌ప్యాక్‌లో గ్నోమ్, కె.డి.ఇ. వంటి సమూహాల లైబ్రరీలను ‘రన్‌టైమ్’ అనే ఉమ్మడి పునాదిగా కూరుస్తారు. ఏ సంపుటిలోనైనా ఆ పునాది ఒక్కటే కావడం వల్ల అనువర్తనం ఒకే తీరుగా నడుస్తుంది. లినక్స్ స్టాండర్డ్ బేస్ పంపిణీదారులను ఒప్పించి సాధించాలనుకున్న ఏకరూపతను, ఫ్లాట్‌ప్యాక్ వారి ఒప్పుదల అవసరం లేకుండానే తనతో తెచ్చుకుంది.

పంపిణీదారులకూ ఇందులో ప్రయోజనం ఉంది. క్రోమియం వంటి పెద్ద బ్రౌజర్‌ను తాము ఆదరించే ప్రతి వెర్షన్‌కూ విడిగా నిర్మించే భారాన్ని తగ్గించుకోవడానికి ఉబుంటు 2019లో వచ్చిన 19.10 నుంచి దాన్ని స్నాప్‌గా మాత్రమే ఇవ్వసాగింది. పాత పద్ధతిలో క్రోమియం ప్యాకేజీని కోరినా లోపల స్నాప్ స్థాపన అయ్యేది. ఉబుంటు మీద ఆధారపడిన లినక్స్ మింట్ ఈ ఏర్పాటును వ్యతిరేకించి, 2020లో విడుదలైన తన 20వ వెర్షన్‌లో స్నాప్ దానంతట అది స్థాపన కాకుండా అడ్డుకుంది. స్నాప్‌లను అందించే దుకాణం ఒకే సంస్థ చేతిలో ఉండడం, దాని సర్వర్ కోడ్ బహిరంగం కాకపోవడం ఈ అభ్యంతరాలకు కేంద్రమయ్యాయి. ఫ్లాట్‌ప్యాక్ భాండాగారాన్ని ఎవరైనా నెలకొల్పవచ్చు. అయినా వాడుకలో 2017లో మొదలైన ఫ్లాట్‌హబ్ ప్రధాన కేంద్రంగా నిలిచింది.

ఫ్లాట్‌హబ్‌లోని అనేక అనువర్తనాలను ప్యాకేజీగా కూర్చినవారు వాటి మూల రచయితలు కారు. ఇతర స్వచ్ఛంద కార్యకర్తలు. రచయిత స్వయంగా అందించినదేదో గుర్తించడానికి 2023లో ఫ్లాట్‌హబ్ ధ్రువీకరణ చిహ్నాన్ని ప్రవేశపెట్టవలసి వచ్చింది. కొత్త అనువర్తనాలను చేర్చుకునే ముందు సమీక్ష కూడా ఉంది. మధ్యవర్తి లేని మార్గంగా భావించిన చోట మధ్యవర్తి కొత్త పేరుతో మళ్లీ కనిపించాడు.

9. మధ్యవర్తిత్వ విలువ: నాలుగు ఘటనలు

మధ్యవర్తి అవసరమా, అవరోధమా అనే ప్రశ్నకు చరిత్ర ఏకపక్ష సమాధానం ఇవ్వదు. నాలుగు ఘటనలు ఇందుకు నిదర్శనం.

మొదటిది 2002 నాటిది. ఫైళ్లను కుదించే జెడ్‌లిబ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడింది. ఉమ్మడి ప్రతిని వాడిన ప్రోగ్రాములన్నీ ఒక్క సవరణతో సురక్షితమయ్యాయి. దాన్ని తమలో కలుపుకున్న ప్రోగ్రాములను మాత్రం ఒక్కొక్కటిగా వెదికి, విడివిడిగా దిద్దవలసి వచ్చింది. ప్రతి అనువర్తనమూ తన లైబ్రరీలను తానే మోసే పద్ధతికి చెల్లించవలసిన మూల్యం ఇది.

రెండవది మధ్యవర్తి పొరపాటు. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, తనిఖీ ఉపకరణం ఇచ్చిన హెచ్చరికలను తొలగించే ఉద్దేశంతో చేసిన ఒక సవరణ, రహస్య తాళాలకు మూలమైన యాదృచ్ఛికతను దాదాపు హరించింది. ఒక్కొక్క రకం తాళానికి సాధ్యమైన విలువలు సుమారు 32 వేలకు కుదించుకుపోయాయి. 2008 మేలో ఇది బయటపడేదాకా డెబియన్, దాని నుంచి పుట్టిన ఉబుంటు వంటి సంపుటులు బలహీనమైన తాళాలను తయారుచేస్తూ వచ్చాయి. మూల రచయితల కృతిలో ఆ దోషం లేదు. పరిష్కర్త దిద్దుబాటే పాఠాన్ని చెరిచింది.

మూడవది మధ్యవర్తి పరిశీలన పలచబడినప్పటిది. 2018 మేలో స్నాప్ దుకాణంలోని కొన్ని ఆటల్లో, వినియోగదారుకు తెలియకుండా క్రిప్టో కరెన్సీని తవ్వే కోడ్ దాగి ఉన్నట్టు తేలింది. వాటిని తొలగించారు. రచయిత నేరుగా వినియోగదారును చేరగల దారిలో మోసగాడు కూడా నేరుగా చేరగలడు.

నాలుగవది 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ ఉదంతం. నమ్మకం సంపాదించుకొని నిర్వహణ బాధ్యతలో భాగస్థుడైన ఒక అజ్ఞాత వ్యక్తి, ఆ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారిని చొప్పించాడు. ఆ కోడ్ డెబియన్, ఆర్.పి.ఎమ్. ప్యాకేజీల నిర్మాణ సమయంలోనే క్రియాశీలమయ్యేలా రాసి ఉండడం గమనార్హం. దాడి గురి నేరుగా మధ్యవర్తి మీదనే. డెబియన్ అస్థిర, పరీక్షా శాఖల దాకా, ఫెడోరా ప్రయోగ రూపాల దాకా అది చేరింది. లాగిన్‌కు పడుతున్న స్వల్ప జాప్యాన్ని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ పరిశోధన వల్ల బయటపడింది. డెబియన్ స్థిర శాఖకు అది చేరనే లేదు. 2005లో డెస్క్‌టాప్ వినియోగదారుకు విసుగు తెప్పించిన ఆలస్యమే ఇక్కడ రక్షణ కవచమైంది.

10. తెలుగు వినియోగదారు సందర్భం

ఈ చర్చ తెలుగులో కంప్యూటర్ వాడేవారికి దూరమైనది కాదు. లినక్స్‌లో తెలుగు కనిపించాలంటే యూనికోడ్ ఫాంటు, అక్షరాలను గుణింతాలుగా, ఒత్తులుగా అమర్చే లైబ్రరీ, టైపు చేసే పద్ధతి, అనువదించిన మెనూలు, ఈ నాలుగూ ఒకేచోట పొసగాలి. వీటిని వేర్వేరు వ్యక్తులు, వేర్వేరు చోట్ల తయారుచేశారు. పోతన, వేమన, లోహిత్ తెలుగు ఫాంట్లు డెబియన్ భాండాగారంలో ప్యాకేజీలుగా చేరడం వల్ల, ఒక్క ఆజ్ఞతో అవి ఏ వినియోగదారు కంప్యూటర్‌లోకైనా రాగలిగాయి. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ భారతీయ భాషలను ఆదరిస్తూ డెబియన్ పునాది మీదనే నిర్మితమైంది. చిన్న భాషా సమాజానికి మధ్యవర్తి చేసిన మేలు ఇది: ఎవరి ఫాంటు ఎవరి అనువర్తనంతో పనిచేస్తుందో పరీక్షించే భారాన్ని సంపుటి మోసింది.

కంచె లోపలి అనువర్తనాల విషయంలో ఈ పొందిక మళ్లీ ప్రశ్నార్థకమైంది. ఫ్లాట్‌ప్యాక్ వ్యవస్థలోని ఫాంట్లను లోపలికి చూపిస్తుంది కనుక తెలుగు చదవడానికి సాధారణంగా ఇబ్బంది రాదు. రాయడం సంగతి వేరు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్.టి.ఎస్. వంటి కీబోర్డు పద్ధతులను అందించే ఐబస్ కంచె వెలుపల పనిచేస్తుంది. దానితో సంభాషించే భాగం అనువర్తనంతో వచ్చిన లైబ్రరీల్లో లేకపోతే, తెలుగు కనిపించే తెర మీద తెలుగు రాయడం సాధ్యపడదు. కంచెను దాటి సంభాషించడానికి ఐబస్ ప్రత్యేక ద్వారాన్ని ఏర్పరచవలసి వచ్చింది. లైబ్రరీలను మూటగట్టే రచయిత తన భాషకు అక్కరలేని భాగాన్ని మరచిపోవడం సహజం. రోమన్ లిపిలో రాసేవారికి ఆ లోటు కనిపించదు. ఆ లోటును మొదట అనుభవించేది తెలుగు, చైనీస్, జపనీస్ వంటి భాషల వారే. అందుచేత మూటలో ఏముండాలో నిర్ణయించే అధికారం ఎవరిదనేది భాషా సమస్య కూడా అవుతుంది.

11. ముగింపు

లినక్స్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ పంపిణీ చరిత్రను పరిశీలించినప్పుడు ఈ అంశాలు తేలుతున్నాయి.

1. విడి భాగాలను పొసగించే అవసరం నుంచి పంపిణీ సంపుటి పుట్టింది. దానికి న్యాయపరమైన ఆధారం 1992 నాటి లైసెన్స్ మార్పు. నాణ్యతకు పూచీ పడడం దాని ప్రధాన ధర్మంగా 1993 నుంచి స్థిరపడింది.

2. ప్యాకేజీ ఒక సంపుటి లోపలి ఒప్పందం. సంపుటుల మధ్య ప్యాకేజీలు చెల్లకపోవడం ఆ ఒప్పందం స్వభావం నుంచి వచ్చిన ఫలితం.

3. లినక్స్ స్టాండర్డ్ బేస్ పంపిణీదారుల అంగీకారం మీద ఆధారపడి విఫలమైంది. ఫ్లాట్‌ప్యాక్ ఆ అంగీకారాన్ని కోరకుండా ఉమ్మడి పునాదిని తనతో తెచ్చుకొని వ్యాప్తి పొందింది.

4. కొత్త పద్ధతుల్లో సమీక్ష, ధ్రువీకరణ, భద్రతా సవరణ వంటి బాధ్యతలు సంపుటి నిర్వాహకుల నుంచి దుకాణ నిర్వాహకులకూ, రన్‌టైమ్ కూర్పరులకూ, మూల రచయితలకూ పంచుకుపోయాయి. వాటి మొత్తం తగ్గలేదు.

5. మధ్యవర్తి వల్ల కలిగే ఆలస్యం ఒక సందర్భంలో అవరోధంగానూ, మరొక సందర్భంలో రక్షణగానూ పనిచేసింది.

ఈ చరిత్రలో అధికభాగం జీతం లేని శ్రమ మీద నడిచింది. వేలాది ప్యాకేజీల్లో ఒక్కొక్కదాని వెనుక, రచయిత పంపిన కొత్త రూపాన్ని చదివి, లైసెన్స్ సరిచూసి, వచ్చిన ఫిర్యాదులకు జవాబిచ్చే వ్యక్తి ఉన్నాడు. ఎక్స్‌జెడ్ లైబ్రరీని చాలాకాలం ప్రధానంగా ఒక్క స్వచ్ఛంద కార్యకర్తే నిర్వహించడం, ఆ ఒంటరితనమే దాడి చేసిన వ్యక్తికి దారి ఇవ్వడం ఈ వ్యవస్థలోని బలహీనతను బయటపెట్టింది. ఇకముందు ఏ ప్యాకేజీ రూపం నెగ్గుతుందనే ప్రశ్న కన్నా, సరిచూసే పనిని ఎవరు చేస్తారు, వారికి తోడు ఎవరు అనే ప్రశ్న ముఖ్యమైనది. పరిష్కర్త పేరు ముఖపత్రం మీద లేకపోయినా, పాఠం నమ్మదగినదిగా ఉండడం అతని శ్రమ మీదనే ఆధారపడి ఉంటుంది.